లోహం దాటిన ఎలక్ట్రాను, జవాబు రాని లెక్క

పన్నెండేళ్లుగా నాకెవరూ జవాబు చెప్పలేదు. ఉత్తరాలు రాశాను. రిజిస్టరు చేసి పంపాను. రైలెక్కి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. "చూస్తాం" అన్నవాళ్లున్నారు, "ఇంకా అదే పట్టుకుని ఉన్నారా?" అన్నవాళ్లున్నారు. నా లెక్క తప్పు అన్నవాళ్లు లేరు, ఒప్పు అన్నవాళ్లూ లేరు. తప్పంటే పడతాను. నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. రోజుకు యాభై లెక్కలు కొట్టేస్తాను. కొట్టేసే ముందు ఏ వరుసలో తప్పిందో దానికింద ఎర్రగీత గీస్తాను. సేత్తూరు నుంచి నడిచివచ్చే రైతుబిడ్డకు నేను చూపే ఆ మర్యాదను, మద్రాసులో పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు నాకు చూపలేదు.

మా రాజపాళయంలో గట్టు తగాదా అయితే మూడు తరాల పాటు వింటారు. మామిడితోపులో పక్కవాడి కొమ్మ ఇటు వాలిందని ఒకడంటే పదిమంది వెళ్లి కొమ్మ చూసి వస్తారు. నా తగాదా ఒక ఎలక్ట్రాన్ గురించి. అది లోహం నుంచి బయటికి వచ్చినప్పుడు దాన్ని వెనక్కి లాగేది ఏమిటి, ఆ లాగుడు ఎంత దూరం దాకా ఉంటుంది అన్నదాని గురించి. వెళ్లి చూసి రావడానికి వీల్లేని తగాదా. అందుకే ఎవరూ కదలలేదు.

మొదటినుంచీ చెబుతాను.

మద్రాసులో ఫిజిక్సు ఆనర్స్ చదివాను. రెండో క్లాసు వచ్చింది. మొదటి క్లాసు ఎందుకు రాలేదో అది వేరే కథ, దానికీ ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఇక్కడ చెప్పను. నాతో చదివినవాడు ఒకడు గోదావరి జిల్లా నుంచి వచ్చాడు. నేను తెలుగు మాట్లాడితే అతనికి పండగ. "మా మామ వచ్చినాడు" అని నేనంటే, "వచ్చినాడా! ఏ పురాణంలోంచి?" అనేవాడు. మా పూర్వులు నాయక రాజుల కాలంలో తెలుగుసీమ నుంచి ఈ తమిళ దక్షిణానికి వచ్చారు. వాళ్లు తెచ్చుకున్న మాటే మా నోట్లో ఉంది. మధ్యలో తమిళం చేరింది. అందులో నవ్వడానికి ఏముందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ గోదావరి మిత్రుడు ఈ కథలో మళ్లీ వస్తాడు కాబట్టి చెప్పాను.

ఇక విషయం. లోహంలో ఎలక్ట్రాన్లు గుంపులుగా తిరుగుతుంటాయి. అవి రెండు రకాలు. ఒకే రకానివి ఒకదాని దగ్గరికి ఒకటి రావు, ఎడం పాటిస్తాయి. కాబట్టి ప్రతి ఎలక్ట్రాన్ చుట్టూ తనలాంటివి లేని ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీనంతా కూడితే సరిగ్గా ఒక్క ఎలక్ట్రాన్ అంత. వీసం ఎక్కువ కాదు, వీసం తక్కువ కాదు. ఎలక్ట్రాన్‌ది రుణవిద్యుత్తు కనుక, అది లేనిచోటు ధనవిద్యుత్తులా పనిచేసి ఎలక్ట్రాన్‌ను తనవైపు లాగుతుంది. ఈ లాగుడునే ఇంగ్లీషువాళ్లు ఎక్స్ఛేంజ్ అన్నారు. లోహం లోపల ఉన్నంతసేపూ ఖాళీ ఎలక్ట్రాన్‌తోనే నడుస్తుంది. ఇంతవరకు అందరూ ఒప్పుకున్నదే.

ఎలక్ట్రాన్ లోహం అంచు దాటి బయటికి వచ్చిందనుకోండి. అప్పుడా ఖాళీ ఏమవుతుంది?

మాకు చెప్పిన పాఠం సులువైనది. ఒక చోట గుంపు ఎంత చిక్కగా ఉందో చూసి దాని ఘనమూలం తీసుకుంటే అక్కడి లాగుడు తెలుస్తుందని సూత్రం. లోహం బయట గుంపు లేదు. కాబట్టి లాగుడూ లేదు. అంచు దాటీ దాటగానే ఆరిపోతుంది. ఇదీ పాఠం. నాకు నచ్చలేదు. క్లాసులో లేచి అడిగాను. ప్రొఫెసర్ గారు గడియారం చూసుకున్నారు. ఆ చూడడం నాకింకా కళ్లకు కట్టినట్టు ఉంది. గంట కొట్టడానికి పదిహేను నిమిషాల టైముంది.

చదువు ముగించి ఊరికి తిరిగొచ్చాను. మా ఊళ్లో కొత్తగా నూలుమిల్లు పెట్టి, దాని కూత విని జనం నిద్ర లేవడం నేర్చుకుంటున్న రోజులవి. హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. సాయంత్రాలు మా అమ్మ పుట్టింటివాళ్ల సావడికి వెళ్లేవాణ్ని. ఒక్కో వంశానికి ఒక సావడి ఉంటుంది మా ఊళ్లో. ఆ వంశం మగవాళ్లు, అల్లుళ్లు కూర్చుని మాట్లాడుకునే స్తంభాల పెద్ద వసారా అది. అక్కడ కూర్చోవడానికి ఒక పద్ధతుంది. ఒకే ఇంటి అల్లుళ్లు పక్కపక్కన భుజాలు ఆనించి కూర్చోరు. మధ్యన మూరెడు చోటు వదలాలి. మిగతా బంధువులు ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. తోడల్లుడికి మాత్రం తోడల్లుడు ఎడం. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ తప్పరు.

ఒక సాయంత్రం ఆ అల్లుళ్లలో ఒకాయన లేచి వీధిలోకి వెళ్లాడు. తళవాయిపురం నుంచి వచ్చిన బండివాడితో పత్తి బేరం. ఆయన మెట్టు దిగుతుండగా చూశాను. ఆయన కోసం వదిలిన చోటు ఆయనతో వీధిలోకి పోలేదు. సావడిలోనే ఉండిపోయింది. ఆయన మెట్టు మీద ఉన్నంతసేపూ అది ఆయన లేచిన స్తంభం దగ్గరే స్పష్టంగా కనిపించింది. ఆయన వీధి అవతలికి వెళ్లేసరికి ఒకాయన కాలు చాచాడు, ఇంకొకాయన ఒత్తిగిలాడు, ఇంకొకాయన తుండు పరుచుకున్నాడు. ఖాళీ పలచబడి సావడంతా పరుచుకుంది. ఇదిగో ఇక్కడుంది అని వేలు పెట్టి చూపలేం. కానీ కూడితే ఒక్క మనిషి చోటే. సావడిలో ఒక మనిషి తక్కువ ఉన్నాడన్న లెక్క ఎక్కడికీ పోదు.

నేను మనుషుల మధ్య సందులను చూస్తుంటే మా మామ పట్టేశాడు. మా అమ్మకు తమ్ముడు, ఆ సావడికి పెద్ద.

"ఏమి అల్లుడా, ఆళ్లను ఎంచుతా ఉండావు?"

"ఆళ్లను కాదు మామా, ఖాళీని ఎంచుతా ఉండాను."

"విన్నారాప్పా! వాద్యారు పనికి పోయి మూడు నెల్లు కాలేదు, అప్పుడే ఖాళీని ఎంచేదానికి వచ్చినాడు. పిల్లకాయలు ఉండారా, లేక బెంచీలకు పాఠం చెప్పుతా ఉండావా?"

సావడంతా నవ్వింది. ఆ నవ్వును నేను లెక్కలోకి తీసుకోను. మావాళ్ల నవ్వు వేరు. నవ్విన తరువాత పక్కన చోటిస్తారు.

ఆ వేసవి సెలవులన్నీ లెక్క మీదే పెట్టాను. గోడ ఉన్న పెట్టెలో ఎలక్ట్రాన్లను ఉంచి, ఒకదాన్ని గోడ దాటించి, వెనక మిగిలిన ఖాళీ లోపల ఎలా పరుచుకుంటుందో, అది ఎంత లాగుతుందో కట్టాను. లాగరిథం పుస్తకం అట్ట ఊడిపోయింది. ఫలితం ఇది: బయట లాగుడు ఆరిపోదు. గుంపు ఆరిపోతుంది, లాగుడు ఆరిపోదు. దూరం రెట్టింపైతే ఆ లాగుడుకు లెక్కగట్టే శక్తి, అంటే పొటెన్షియల్, సగమవుతుంది, అంతే. లోపల మిగిలిన ఖాళీ దూరం నుంచి కూడా పిలుస్తూనే ఉంటుంది.

పాత పుస్తకాల్లో ప్రతిబింబ బలం అని ఒకటుంది. విద్యుత్తున్న కణం లోహం ముందు నిలబడితే, అద్దంలో నీడలా లోహం వెనక దానికి ఎదురు విద్యుత్తు ఉన్నట్టే లాగుడు ఉంటుంది. దాని పొటెన్షియలూ దూరం రెట్టింపైతే సగమయ్యేదే. దాని ముందు నాలుగో వంతు అని ఒక అంకె ఉంటుంది. ఏ లోహానికైనా అదే నాలుగో వంతు. నాకు వచ్చిన అంకె నాలుగో వంతుకు దగ్గరగానే ఉంది కానీ నాలుగో వంతు కాదు. లోహాన్ని బట్టి మారుతోంది. ఒకదానికి కాస్త ఎక్కువ, ఒకదానికి కాస్త తక్కువ. ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి ఎంత శక్తి కావాలి, లోపల ఎలక్ట్రాన్లు ఏ మట్టం దాకా నిండి ఉన్నాయి, ఆ రెండింటి నిష్పత్తి మీద ఆధారపడింది. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అంతే. నేను కట్టింది ఒకే రకం ఎలక్ట్రాన్లు పాటించే ఎడం ఒక్కటే. రెండు రకాలూ విద్యుత్తు వల్ల ఒకదాన్నొకటి తోసుకోవడం ఇంకోటుంది. దాన్నీ కలిపితే నాలుగో వంతు వస్తుందేమో, నాకు చేతకాలేదు అని చివరి పేజీలో రాశాను. చేతకానిది చేతకాలేదని రాయడం నేరమైతే నేను నేరస్తుణ్నే.

పన్నెండు పేజీల లెక్క. ఊరికే పంపితే ఎవరు చదువుతారు? మా ప్రొఫెసర్ గారికి పరికరాలంటే ఇష్టం. ఏదైనా కొలిచి చూపిస్తే లెక్క కూడా చదువుతారనుకున్నాను. ఆ తెలివి నాకు రాకుండా ఉంటే బాగుండేది.

రెండు వేర్వేరు లోహపు పలకల్ని ఎదురెదురుగా పెట్టి ఒక తీగతో తాకిస్తే వాటి మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. ఒక్కో లోహం తన ఎలక్ట్రాన్లను ఎంత గట్టిగా పట్టుకుని ఉందో ఆ తేడా దాన్లో కనిపిస్తుంది. బడిలో బంగారు రేకు ఎలక్ట్రోస్కోపు ఉంది. పాత ఇత్తడి గంగాళం అడుగు కోయించి ఒక పలక చేయించాను. బ్యాటరీ డబ్బాల జింకు తీసి ఇంకో పలక చేశాను. మైనపు దిమ్మల మీద నిలబెట్టాను. ఇంట్లో కిటికీ గూట్లో పెట్టి ప్రతి సాయంత్రం బడి నుంచి రాగానే కొలిచాను. నాలుగు నెలలు ఒక్కరోజు మానలేదు. గ్రాఫు కాగితాలు అంటించి పొడుగ్గా ఒక గీత గీశాను. ఆ గీత మామూలుగా మెల్లగా దిగుతూ ఉండేది, ఉన్నట్టుండి ఎగిరేది, మళ్లీ దిగేది. రంపం పళ్లలా. కొండ మీదనుంచి వచ్చే గాలి తేమ అనుకున్నాను. అలాగే రాశాను కూడా.

కొలతల సంగతి రాసి పంపితే ప్రొఫెసర్ గారి నుంచి పిలుపు వచ్చింది. కాలేజీలో ఒక శనివారం సాయంత్రం సమావేశం, వచ్చి చెప్పండి అని. ఆ ఉత్తరాన్ని సావడిలో అందరికీ చదివి వినిపించాను. మా మామ స్టేషనుకు వచ్చి రైలెక్కించాడు.

హాల్లో నలభై మంది ఉన్నారు. నాకు కుర్చీ వెయ్యలేదు, ముందు వరుసలో ఉన్న ప్యూనుకు ఉంది. గ్రాఫును గోడకు పిన్నులతో వేలాడదీశాను. మొదట కొలతలు, తరువాత లెక్క అని చెప్పి మొదలుపెట్టాను. ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు పైకి తోసుకుని గ్రాఫు దగ్గరికి వచ్చారు. పళ్లు లెక్కపెట్టారు.

"ఏడు రోజులకొకసారి ఎగురుతోందే. ఎందుకు?" అని ఇంగ్లీషులో అడిగారు.

నేను తేదీలు చూశాను. ప్రతి గురువారం సాయంత్రం. నాలుగు నెలలు ఆ గీత గీసినవాణ్ని నేనే, వారాల లెక్క మాత్రం చూడలేదు. గురువారం. మా ఇళ్లలో శుక్రవారానికి ముందురోజు ఇత్తడి సామానంతా చింతపండుతో తోముతారు. శుక్రవారం పొద్దున దీపం పెట్టేసరికి ఇంట్లో మచ్చపట్టిన ఇత్తడి ఉండకూడదు. కుంది, చెంబు, గంటె, బిందె. కిటికీ గూట్లో నా పలక. నా భార్య దాన్ని కూడా తీసి తోమి, కడిగి, తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టేది. నేను బడి నుంచి వచ్చి, అబ్బ ఎంత మెరుస్తోందో అనుకుని కొలిచేవాణ్ని. మా ఇంట్లో మెరిసేదే శుభ్రం. అందులో పెరిగినవాణ్ని నాకు అనుమానమే రాలేదు.

ఇదంతా అక్కడ నిలబడి ఉండగా ఒక్క నిమిషంలో తెలిసింది. తేమ అని అబద్ధం ఆడవచ్చు. ఆడలేదు. "గురువారం మా ఇంట్లో ఇత్తడి తోముతారండీ. చింతపండుతో" అన్నాను.

"అయితే మీరు కొలిచింది ఇత్తడిని కాదు, రసాన్ని" అన్నారు ప్రొఫెసర్ గారు.

హాలు బద్దలైంది. గోదావరి మిత్రుడు అప్పటికే అక్కడ డెమాన్‌స్ట్రేటరు. వెనకనుంచి తెలుగులో అరిచాడు. "ఏవోయ్ పాళెం, మీ ఊళ్లో ఎలక్ట్రాన్లు కూడా శుక్రవారం ఒంటిపొద్దు ఉంటాయా?" తెలుగు తెలిసినవాళ్లు నవ్వారు, వాళ్లు తెలియనివాళ్లకు చెప్పారు, వాళ్లు నవ్వారు. నవ్వు మూడు భాషల్లో తిరిగి వచ్చింది.

"సార్, లెక్క వేరే ఉంది. దానికీ ఈ కొలతకీ సంబంధం లేదు" అన్నాను.

"కాఫీ చల్లారుతోంది. కాగితాలు వదిలి వెళ్లండి, చూస్తాను" అన్నారు.

లెక్క చెప్పలేదు. చెప్పనివ్వలేదు. పన్నెండు పేజీలను ఆయన చేతికే ఇచ్చి వచ్చాను. కాఫీ తాగలేదు.

ఇంటికొచ్చి భార్యను అరిచాను. అది తప్పే, ఒప్పుకుంటాను. ఆమె చేతిలో చేట పట్టుకుని అంతా వింది.

"మచ్చపట్టిన ఇత్తడి శుక్రవారం ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా? ముట్టొద్దు అని ఒక్క మాట చెప్పినుంటే ముట్టేదాన్నా?"

"అడిగుండొచ్చు కదా."

"గూట్లో పెట్టిన చట్టి మూతను తోమేదానికి ఎవుర్ని అడగాల? సరే, నా తప్పే. పలకకి చింతపండు పూసినాను." ఆమె చేటను పక్కన పెట్టింది. "ఆ లెక్క రాసిన కాగితాలు ఉండాయే, వాటికి కూడా పూసినానా నేను?"

మూడో క్లాసు దాకా చదివిన మనిషి. నలభై మంది ఉన్న హాల్లో ఎవరికీ తట్టని మాట ఆమెకు తట్టింది. నేను ఈ పన్నెండేళ్లుగా అడుగుతున్నది కూడా ఇదే. కొలత చెడింది. కొలతకు వేరే కాగితం, లెక్కకు వేరే కాగితం. ఒకటి చెడితే రెండోది చదవకుండా ఎలా చెడుతుంది?

ఉత్తరాలు మొదలుపెట్టాను. నెలకొకటి. మొదటి ఉత్తరాల్లో వినయం ఉండేది, తరువాతి వాటిలో తగ్గింది. వాటిలో ఒకదానిలో, నాకు నాలుగో వంతు రాలేదు, లోహాన్ని బట్టి మారుతోంది, అదెందుకో దయచేసి చెప్పండి అని రాశాను. సావడిలో మా మామ రోజూ అడిగేవాడు.

"ఏమి అల్లుడా, కడుదాసి వచ్చినాదా?"

"రాలేదు మామా."

"బయిటికి పోయిన ఎలట్రాను తిరిగి లోపలికి వచ్చేస్తాది అంటివే. ఆ ప్రొపెసరు లోపలికి పోయినోడు బయిటికే రాలేదే!"

రెండేళ్లకు ఒక కార్డు వచ్చింది. ప్రొఫెసర్ గారి నుంచి కాదు. గోదావరి మిత్రుడి చేతిరాత. అప్పటికి అతను లెక్చరరు. ఒకటే వాక్యం. "మీ అంకె నాలుగో వంతు కావలసి ఉంది, కాలేదు కనుక మళ్లీ సరిచూసుకోగలరని ప్రొఫెసర్ గారి అభిప్రాయం." నేను సంతోషించాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ సంతోషించాను. ఎవరో చదివారు. పన్నెండో పేజీ దాకా వెళ్లి, అంకె చూసి, అభ్యంతరం చెప్పారు. అభ్యంతరం చెబితే అది మర్యాదే.

మూడు నెలలు సరిచూశాను. బడికి వెళ్లడం, రావడం, కూర్చోవడం. మాంసాపురంలో మా బావమరిది పెళ్లికి వెళ్లలేదు, అందుకు ఆయన నాతో ఏడాది మాట్లాడలేదు. ప్రతి వరుసా వేరే దారిలో మళ్లీ కట్టాను. అదే అంకె వచ్చింది. నాలుగో వంతు కావాలంటే నేను చేయి పట్టి దాన్ని లాగాలి, నిజం లెక్కలో అది రాదు. ఎందుకు రాదో ఎనిమిది పేజీల్లో వివరంగా రాసి పంపాను. దానికి ఏమీ రాలేదు. ఇంకో ఉత్తరం. ఏమీ రాలేదు.

యుద్ధం వచ్చింది. కాగితం దొరకలేదు. మద్రాసు మీద బాంబులు పడతాయని సగం పట్నం ఖాళీ అయింది, మా ఊరికి కూడా కొన్ని కుటుంబాలు వచ్చాయి. యుద్ధంలో ఎవరు జవాబు రాస్తారులే అని నేను ఊరుకున్నాను. నాలుగేళ్లు ఊరుకున్నాను. నా జీవితంలో నేను చూపించిన ఓపిక అంతా ఆ నాలుగేళ్లదే.

యుద్ధం ముగిశాక మళ్లీ మద్రాసు వెళ్లాను. ప్రొఫెసర్ గారు రిటైరై వేరే ఊరు వెళ్లిపోయారు. ఆయన గదిలో, ఆయన కుర్చీలో గోదావరి మిత్రుడు ఉన్నాడు. నన్ను చూసి లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రండి రండి! ఏవోయ్, వీరెవరో తెలుసా?" అని పక్కనున్న ఇద్దరు లెక్చరర్లను పిలిచాడు. "మనం ఏటేటా క్లాసులో చెప్తామే, లోహం ఉపరితలం శుభ్రంగా ఉండకపోతే ఏమవుతుందో, ఆ చింతపండు కథ. అది వీరిదే!"

నేను పదేళ్లుగా అక్కడ పాఠంగా ఉన్నానని అప్పుడు తెలిసింది. నా లెక్క ఒక్క క్లాసులోకీ రాలేదు, నా భార్య తోమిన పలక మాత్రం ఏటేటా వచ్చింది. ఆ లెక్చరర్లు మర్యాదగా నవ్వి వెళ్లిపోయారు.

నా కాగితాలు అడిగాను. అతను బీరువా వెతికించాడు. దొరికాయి. కొలతల కాగితాలు విడిగా, అంచులు నలిగి, మీద కాఫీ మరకతో. లెక్క ఉన్న కవరు వేరే. రైల్లో తడుస్తుందని నేనే దాన్ని మందపాటి కవర్లో పెట్టి, నాలుగు అంచులా గంజితో అంటించి, అంటించినచోట అడ్డంగా సంతకం చేశాను. సంతకం చెక్కుచెదరలేదు. గంజి ఎండి పెచ్చు కట్టి అలాగే ఉంది. ఎవరూ తెరవలేదు.

కవరును అతని వైపు తిప్పి సంతకం చూపించాను. తరువాత అడిగాను. "మరి నాలుగో వంతు కాలేదని కార్డు రాశారే?"

"అది మీరే ఉత్తరంలో రాశారు కదండీ. నాలుగో వంతన్నది అందరికీ తెలిసిన సంగతి. అది రాలేదంటే లెక్కలో ఎక్కడో తప్పుండాలి. తెరిచి చూడ్డమెందుకు?"

"మూడు నెలలు సరిచూశాను."

"అయ్యో" అన్నాడు. నిజంగానే బాధపడ్డట్టున్నాడు. "ఇప్పుడదంతా ఎందుకండీ. ఇద్దరం పెద్దవాళ్లమయ్యాం."

"పెద్దవాడివి నువ్వయ్యావు. నేను ఎక్కడివాణ్ని అక్కడే ఉండాను" అన్నాను. మా ఊరి మాట వచ్చేసింది నోట్లో. అతను నవ్వలేదు. ఈసారి నవ్వలేదన్నది కూడా రాస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కనుక.

అతని ఎదుటే కవరు చింపాను. తొమ్మిదో పేజీ తీసి బల్ల మీద పరిచి, ఖాళీ లోపలే ఉండిపోయే వరుస చూపించాను. అతను చదివాడు. రెండుసార్లు చదివాడు. పెన్సిలు తీసుకుని ఏదో వెయ్యబోయి ఆగాడు. "లాగుడు బయటికి అంత దూరం వస్తుందంటారా?" అన్నాడు మెల్లగా. అది ప్రశ్న. అన్నేళ్లలో నా లెక్క మీద ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న, అసలైన ప్రశ్న. నేను జవాబు మొదలుపెట్టేసరికి గంట కొట్టారు. అతను సుద్దముక్క తీసుకుని లేచాడు. "వదిలి వెళ్లండి, తప్పకుండా చూస్తాను."

"ముట్టినట్టు రాసివ్వు" అన్నాను. నవ్వుతూనే రాసిచ్చాడు. పన్నెండు పేజీలు ముట్టినవి అని, కింద సంతకం. తొమ్మిదో పేజీ మీద పెన్సిలు పెట్టిన చిన్న చుక్క ఉంది. గీత కాదు, చుక్క.

అది జరిగి రెండేళ్లు దాటింది.

నన్ను చింతపండు మాస్టరు అనండి, పడతాను. నా తెలుగు పురాణకాలం నాటిది అనండి, పడతాను. నాలుగో వంతు ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. నేను వదిలేసిన తోపులాటను కలిపితే వస్తుందని నా నమ్మకం. నమ్మకం రుజువు కాదు, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ లోహం బయట ఆ లాగుడు గుంపుతోపాటు ఆరిపోతుందని మీరు ఏటేటా పిల్లలకు చెబుతున్నారు. నేను ఆరిపోదు అంటున్నాను. మనిద్దరిలో ఒకడు పిల్లలకు తప్పు చెబుతున్నాడు. నేనైతే నేను మానుకోవాలి, మీరైతే మీరు మానుకోవాలి. ఇది నా పరువు విషయం ఒక్కటే అయితే ఈపాటికి వదిలేసేవాణ్నేమో. వదిలేసేవాణ్ని కాదు, సరే, అయినా.

ఉత్తరాలకు జవాబు రాకపోవడం వల్ల అచ్చులో అడుగుతున్నాను. తెలుగు చదివే ఫిజిక్సు వాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు, వాళ్లందరి ముందూ అడుగుతున్నాను. మిత్రమా, తొమ్మిదో పేజీ నీ బల్ల మీద ఉంది. పై నుంచి ఆరో వరుస. నువ్వు పెన్సిలు ఆపింది అక్కడే. అది తప్పా, ఒప్పా? తప్పైతే దానికింద గీత గీసి పంపు. ఒప్పైతే ఒప్పని రాయి. చెప్పు.